పొడి అక్షరాలు

ఒట్టావా నుంచి వచ్చిన కవరులో
నలభై ఒక్క కాగితాలు.
మా నానమ్మ తమ్ముడు ఈనస్ నికల్
మొత్తం కలిపి ఇంతే.
వంటింటి త్రాసులో పెట్టి చూశాను,
చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు తూకాలు రాసిన చెయ్యి
ఊరుకోదు కదా.
రెండు వందల గ్రాములు. ఒక చిన్న హాడక్ చేప.

మాటలు లేవు వాటిలో.
ఉన్నవన్నీ పొడి అక్షరాలు.
తల కోసి, పేగు తీసి,
ఉప్పు రాసి ఎండలో పరిచినట్టు
ఎవరో గుమాస్తా వాక్యాలన్నిటినీ
గట్టిగా, తేలిగ్గా, పేర్చడానికి వీలుగా చేసి పెట్టాడు.
లూనెన్‌బర్గ్‌లో పుట్టినదాన్ని,
ఎండు కాడ్‌ని ఏం చెయ్యాలో నాకు తెలుసు:
రాత్రంతా నీళ్ళలో వెయ్యి,
పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వెయ్యి,
ఓపిక పట్టు.

మొదట కనబడ్డది ఎస్.ఓ.ఎస్.
ఒకటి కాదు, ఏడు చోట్ల.
సముద్రం మీద బతికే ఇంట్లో ఆ మాట వింటే
పొయ్యి మీద గిన్నె దించకుండా రేవుకి పరిగెడతాం.
ఏడుసార్లు మునిగాడా?
ఏడుసార్లు అరిచాడా?
నాలుగు రోజులు ఆ కేకలతోనే పడుకుని లేచాను.
తర్వాత తెలిసింది:
'ఈ దళం లెక్కలోంచి కొట్టివేత.'
ఒక పట్టీలోంచి తీసి ఇంకో పట్టీలో వెయ్యడం.
రోజుకి వంద పెట్టెలకి నేను చేసిన పనే.
నవ్వు రావాలి. రాలేదు.

పక్కింటి వెర్నా నర్సు పని మానేసి పన్నెండేళ్ళు.
కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చి చదివింది:
పి.యు.ఓ. అంటే జ్వరం, ఎందుకో తెలీదు.
ఎన్.వై.డి. అంటే జబ్బు ఇంకా తేలలేదు.
"మా డాక్టర్లూ ఇంతే, కాకపోతే పొడుగు మాటల్లో చెప్పేవాళ్ళు" అంది.
జి.ఎస్.డబ్ల్యూ. తుపాకి దెబ్బ.
దాని పక్కన ఎల్.టి.
లెఫ్టినెంటే అనుకుని
ఒక సాయంత్రమంతా మురిసిపోయాను నేను,
అక్కకి ఫోన్ చేసి చెప్పాను కూడా.
కాదట. ఎడమ.
ఎడమ చెయ్యి.

అక్కడే, ఊదా పెన్సిలుతో, వేరే చేతిరాత:
ఎస్.ఐ.డబ్ల్యూ., ఒక ప్రశ్న గుర్తు.
వెర్నా దాని మీద వేలు పెట్టింది. తీసేసింది.
లేచి కెటిల్లో నీళ్ళు పోసింది.
అది అప్పటికే నిండుగా ఉంది.

ఈనస్‌కి రెండు వేళ్ళు లేవు.
"కాడ్ కొరికేసింది" అనేవాడు,
పిల్లలం ప్రతి చేప నోరూ తెరిచి వెతికేవాళ్ళం.
మిగిలిన మూడింటితో
రేవులో అందరికన్నా ముందే వల అల్లేసేవాడు.
ఉరిమితే మాత్రం
బోర్లించిన పడవ కిందికి దూరిపోయేవాడు.
వాన వెలిసినా వచ్చేవాడు కాదు.
నానమ్మ రొట్టె పట్టుకెళ్ళి
పడవ చెక్క మీద తట్టేది,
రెండుసార్లు, మెల్లగా.

తనకు తానే చేసుకున్న గాయం.
రాత్రంతా నానబెట్టాను.
పొద్దున్న నీళ్ళు మార్చాను.
ఉప్పు వదల్లేదు.

అయితే ఆ మూడక్షరాల మీద
సిరాతో ఒక గీత ఉంది.
అడ్డంగా, ఒకే ఊపులో.
కింద సంతకం లేదు, పొడి అక్షరమైనా లేదు.
డాక్టరో, గుమాస్తానో,
వరసలో వెనక ఇంకెంతమంది మూలుగుతున్నారో,
దీపంలో నూనె అయిపోవస్తోందో,
ఇతని మొహం చూశాడో లేదో.
ఆ గీత లేకపోతే సైనిక కోర్టు, జైలు,
మా ముత్తవ్వకి నెలనెలా వచ్చే పదిహేను డాలర్లు ఆగిపోవడం.
ఇదీ కొట్టివేతే.
దీనికి ఏ పొడి అక్షరాలూ పెట్టలేదు వాళ్ళు.

మనవరాలు లీటా అర్థాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది.
"ఇక్కడ ఏం రాయను?"
"గీత ఉందని రాయి."
"గీత కింద ఏముందని?"
"గీత ఉందని రాయవే."
అది పెదవి విరిచి, తర్వాతి కాగితం తీసి
పైకి చదివింది:
బూట్లు, ఒక జత, తిరిగి అప్పగించలేదు.